ఉత్తరాల్లో కుదిరిన పెళ్లి

వేణువూది ఎలుకలన్నిటినీ ఏటిలోకి నడిపించిన పైడ్ పైపర్ కథను ఇంగ్లీషు వాచకంలో చదువుకున్నవాళ్లకు దాన్ని పద్యంగా రాసిన ఇంగ్లీషు కవి రాబర్ట్ బ్రౌనింగ్ పేరు గుర్తుండే ఉంటుంది. ఆయన 1846 సెప్టెంబరులో ఎలిజబెత్ బారెట్ అనే కవయిత్రిని పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆమెకు 40 ఏళ్లు, ఆయనకు 34. ఆమె ఏళ్ల తరబడి గది దాటని రోగి. పెళ్లికి ముందు 20 నెలల్లో వాళ్లిద్దరూ 570 పైచిలుకు ఉత్తరాలు రాసుకున్నారు. ఈ కథను లోకం ఒక పద్ధతిలో చెప్పుకుంటూ వచ్చింది. కఠినాత్ముడైన తండ్రి, మంచం పట్టిన కూతురు, ఎక్కడినుంచో వచ్చిన ప్రేమికుడు, అతని రాకతో లేచి నడిచిన రోగి. 1930లో రుడాల్ఫ్ బెసియర్ రాసిన నాటకం, 1934లో దాన్నిబట్టి తీసిన సినిమా ఈ కథనాన్నే జనంలో స్థిరపరిచాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఉత్తరాల్ని వరసపెట్టి చదివితే తేలేది వేరు. దీర్ఘరోగం ఒక మనిషి నుంచి అన్నిటికన్నా ముందు లాక్కునేది తన విషయం తాను తేల్చుకునే హక్కును. ఎలిజబెత్ ఆ హక్కును తనే, కలం పట్టుకుని, ఒక్కో ఉత్తరంతో కొంచెం కొంచెంగా తిరిగి తెచ్చుకుంది. ఆమెను ఎవరో వచ్చి విడిపించలేదు. ఈ పూట నేను మీ ముందు పెట్టదలచిన వాదం ఇదే.

ముందు ఆమె స్థితి ఏమిటో చూద్దాం. ఎలిజబెత్ 1806లో పుట్టింది. 15వ ఏట మొదలైన జబ్బు ఆమెను మళ్లీ పూర్తిగా వదల్లేదు. మొదట వెన్నునొప్పి, తర్వాత ఊపిరితిత్తుల బాధ, రక్తం పడటం. గాలి మార్పు కోసమని 1838లో డాక్టర్లు ఆమెను టార్కీ అనే సముద్రతీరపు ఊరికి పంపారు. మూడేళ్ల తర్వాత లండన్‌కు తిరిగివచ్చి, వింపోల్ వీధిలోని 50వ నంబరు ఇంట్లో, మేడ మీది వెనక గదిలో స్థిరపడింది. చలికాలం వచ్చిందంటే గాలి చొరబడకుండా ఆ గది కిటికీలు బిగించేసేవారు. నిద్ర కోసం, గుండె దడ తగ్గడం కోసం రోజూ నల్లమందు ఔషధం. మధ్యాహ్నం స్నేహితులు ఎవరైనా వస్తే కాసేపు మాటలు. రాత్రి తండ్రి వచ్చి పక్కన ప్రార్థన చేసి వెళ్లేవాడు. ఇంట్లో అందరూ ఆమెను ప్రేమించారు, అందులో సందేహం లేదు. కానీ ఆమె ఏ ఊళ్లో ఉండాలో డాక్టరు చెబుతాడు, ఆ మాట వినాలో వద్దో తండ్రి తేలుస్తాడు, ఎవరిని ఎంతసేపు చూడవచ్చో ఆమె ఒంట్లో ఓపిక నిర్ణయిస్తుంది. ఎంత ప్రేమగా చూసుకునే ఇంట్లోనైనా ఇలాగే జరుగుతుంది. రోగి ఎదురుగా ఉండగానే రోగి సంగతి మిగతావాళ్లు మాట్లాడుకుంటారు. అదే మనిషి కాగితం మీద మాత్రం గ్రీకు నాటకాన్ని అనువదించిన పండితురాలు, 1844లో రెండు సంపుటాల కవిత్వం వెలువరించి పేరు తెచ్చుకున్న కవయిత్రి. మంచం మీది ఎలిజబెత్‌కూ కాగితం మీది ఎలిజబెత్‌కూ ఉన్న ఈ దూరాన్ని గమనించకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

1845 జనవరి 10న రాబర్ట్ నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. ఆమె పద్యాలు తనకెంత ఇష్టమో చెబుతూ, రాసిన మనిషి కూడా తనకు ఇష్టమేనని ఏ సంకోచం లేకుండా అనేశాడు. అప్పటికి ఆమె ముఖం చూడలేదు. మర్నాడే ఆమె జవాబు రాసింది. సరిగ్గా అయిదేళ్ల కిందట, 1840 జనవరి 10న, ఇంగ్లండులో పెన్నీ తపాలా మొదలైంది. అంతకుముందు దూరాన్నిబట్టి, కాగితాల లెక్కనుబట్టి రేటు ఉండేది, చాలాసార్లు ఉత్తరం అందుకున్నవాళ్లే డబ్బు కట్టేవారు. ఇప్పుడు అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీ. లండన్‌లో రోజుకు అనేక విడతలుగా బట్వాడా జరిగేది. వింపోల్ వీధికీ రాబర్ట్ ఉంటున్న న్యూ క్రాస్ ప్రాంతానికీ మధ్య పొద్దున వేసిన ఉత్తరానికి ఆ రోజే జవాబు రావడం కష్టమేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది సదుపాయం మాత్రమే. గది దాటలేని మనిషికి ఇది లోకంలోకి తెరుచుకున్న తలుపు. పైగా ఉత్తరం రోగికి కలిసివచ్చే సాధనం. మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటే అతను లేచేదాకా ఓపిక కూడదీసుకోవాలి. ఆయాసం, దగ్గు, పాలిపోయిన ముఖం అన్నీ ముందుగా కనిపిస్తాయి, చెప్పే మాట వెనకపడుతుంది. ఉత్తరాన్ని ఓపిక ఉన్నప్పుడు రాసుకోవచ్చు, అలిసిపోతే ఆపి రేపు పూర్తి చేయవచ్చు. అవతలివాడికి ముందుగా చేరేది ఆలోచన.

అందుకే రాబర్ట్ కలుస్తానంటే ఆమె వెంటనే ఒప్పుకోలేదు. చలికాలంలో తను ఎవరినీ చూడలేనని, వసంతం రానివ్వమని రాసింది. వసంతం వచ్చాక కూడా కొన్ని వారాలు జంకింది. చివరికి మే 20న, మంగళవారం మధ్యాహ్నం, ఆయన వచ్చాడు. రాబర్ట్‌కు ఒక అలవాటు ఉండేది. ఆమెను కలిసి వచ్చినప్పుడల్లా ఆమె పంపిన ఉత్తరం కవరు మీద ఆ కలయిక వివరాలు రాసుకునేవాడు. ఆ మొదటి రోజు కవరు మీద వారం, తేదీ, 3 గంటల నుంచి 4½ దాకా అని ఉంటుంది. ఆ రాక జరిగిన వెంటనే ఆయన తొందరపడి తన ప్రేమను తెలుపుతూ ఉత్తరం రాశాడు. ఆమె గట్టిగా జవాబిచ్చింది. ఆ మాట మళ్లీ ఎత్తవద్దని, ఎత్తితే ఇకమీదట కలవడం కుదరదని తేల్చేసింది. ఆయన వెనక్కి తగ్గి, ఆ ఉత్తరం తిరిగి తెప్పించుకుని నాశనం చేశాడు. ఇన్ని ఉత్తరాల్లో మనకు దక్కకుండా పోయింది అదొక్కటే. పెళ్లి మాట మొదట ఎత్తింది ఆయనే అయినా, ఆ మాట ఎప్పుడు మాట్లాడుకోవాలో నిర్ణయించింది ఆమె. బలహీనురాలని అందరూ అనుకున్న మనిషి ఆ ఒక్క జవాబుతో సంబంధానికి తన షరతులు పెట్టింది. రాబర్ట్ గొప్పతనం కూడా ఇక్కడే ఉంది. ఆ షరతుల్ని ఆయన మన్నించాడు.

ఆ ఏడాది ఆగస్టులో ఆమె రాసిన ఒక ఉత్తరం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. టార్కీలో ఉన్న రోజుల్లో ఆమెకు తోడుగా తమ్ముడు ఎడ్వర్డ్ ఉండేవాడు. అక్కాతమ్ముళ్లు చిన్నప్పటి నుంచీ ఒకరికొకరు ప్రాణం. అతన్ని వెనక్కి పంపించమని తండ్రి అన్నప్పుడు ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. తండ్రి అయిష్టంగానే సరేనన్నాడు. 1840 జులై 11న ఎడ్వర్డ్ స్నేహితులతో తెరచాప పడవలో సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకడానికి వారాలు పట్టింది. నా కోసమే అక్కడ ఉండిపోయాడు, నా వల్లే పోయాడు అన్న బాధ ఆమెను అయిదేళ్లు లోపల్లోపల తినేసింది. ఎవరి దగ్గరా ఆ సంగతి నోరువిప్పి చెప్పలేకపోయింది. దాన్ని మొదటిసారి వివరంగా రాబర్ట్‌కు ఉత్తరంలో రాసింది. అప్పటికి ఆయన ఆమె గదికి వారం వారం వచ్చిపోతూనే ఉన్నాడు. అయినా ఎదురుగా కూర్చుని చెప్పలేదు, రాసింది. కన్నీళ్లు అడ్డొస్తాయని భయం లేదు, వింటున్నవాడి ముఖకవళికలు చూసి మాట మింగేయాల్సిన పనీ లేదు. తండ్రి ఆ విషయంలో తనను ఒక్క మాటైనా అనలేదని కూడా అందులోనే చెప్పింది. తనను కట్టిపడేసినవాడే తనను క్షమించినవాడు కూడా అన్న చిక్కుముడిని విప్పి చూపింది. మాటల్లో దొరకని ఇంత నిజాయితీ కాగితం మీద దొరికింది. ఉత్తరాల ప్రేమ పైపై మెరుగుల వ్యవహారం అనేవాళ్లు ఈ ఉత్తరం చదవాలి.

ఆ శరదృతువులోనే అసలు పరీక్ష వచ్చింది. లండన్ చలి ఇంకొక్క ఏడాది కూడా పడదని, ఇటలీలోని పీసా లాంటి వెచ్చని చోటికి వెళ్లడమే మంచిదని డాక్టరు సలహా ఇచ్చాడు. ఆమె చాటుమాటుగా కాకుండా తండ్రినే అడిగింది. ఆయన ఇష్టపడలేదు. వెళితే తన మాట కాదని వెళ్లినట్టేనని తెలిసేలా ప్రవర్తించాడు. తన ప్రాణం కన్నా ఆయన మాట చెల్లడమే తండ్రికి ముఖ్యమన్న నిజం ఆమెకు అప్పుడు తగిలింది. సెప్టెంబరు చివర రాబర్ట్‌కు రాసిన ఉత్తరంలో తన మాట స్పష్టంగా ఇచ్చింది. ఈ చలికాలం గడిచి ఒంట్లో సత్తువ వస్తే ఆయన ఎలా కోరుకుంటే అలా ఉంటుంది, రాకపోతే స్నేహితురాలిగానే మిగులుతుంది, ఈ విషయంలో దేవుడూ రాబర్ట్ ఇష్టమూ తప్ప మధ్యలో మరెవరూ లేరు. రాబర్ట్ అంతకుముందే తన వైపు మాట చెప్పేశాడు. ఆమె వెన్నెముకకు మానని దెబ్బ తగిలిందని, ఇక ఎప్పటికీ లేచి నిలబడదని ఆయన మొదట్లో అనుకునేవాడు. అలా అనుకుంటూనే ఆమెను కోరుకున్నాడు. అందుచేత ఆమె కోలుకోవడం ఈ ప్రేమకు షరతు కాలేదు. షరతు పెట్టుకున్నది ఆమె, తన ఇష్టపూర్వకంగా, ఇంకొకరికి బరువు కాకూడదని.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, ఉత్తరాల్లో మనిషి తనను తాను అందంగా దిద్దుకుంటాడు, కాగితం మీది బొమ్మను ప్రేమిస్తే రేపు కాపురం నిలవదు అన్నది. ఇది తీసిపారేయగల మాట కాదు. ఎలిజబెత్‌కే ఈ భయం ఎక్కువ. నువ్వు ప్రేమిస్తున్నది నన్ను కాదేమో, నీ ఊహనేమో అని ఆమె ఆయన్ని పదేపదే నిలదీసింది. కానీ వాళ్లవి ఉత్తరాలొక్కటే కావు. తండ్రి వ్యాపారపు పని మీద బయట ఉండే మధ్యాహ్నాల్లో రాబర్ట్ వారానికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. కలిసినప్పుడు పడ్డ ముద్రను ఉత్తరం సరిచూసేది, ఉత్తరంలో తేలని సంగతి తర్వాతి కలయికలో తేలేది. పైగా వాళ్లు ఒకరి మాటకు ఒకరు తలూపుతూ కూర్చోలేదు. ఆయన కవితల రాతప్రతులు చదివి ఏ పాదం తడబడిందో, ఎక్కడ అర్థం మసకబారిందో ఆమె విడివిడిగా రాసి పంపింది. వాటినిబట్టి ఆయన చాలాచోట్ల దిద్దుకున్నాడు. 1846 ఏప్రిల్‌లో ద్వంద్వయుద్ధం గురించి వాదన వచ్చింది. పరువు కోసం కొన్ని సందర్భాల్లో అది తప్పదని ఆయన, ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పేనని ఆమె. పెళ్లికి పదిరోజుల ముందు ఆమె కుక్క ఫ్లష్‌ను దొంగలు ఎత్తుకుపోయి డబ్బు అడిగారు. బెదిరించేవాడికి లొంగడం అన్యాయానికి ఊతమివ్వడమేనని రాబర్ట్ వాదించాడు. రేపు ఇటలీలో దొంగలు నన్నే పట్టుకుపోతే సిద్ధాంతం చెబుతూ కూర్చుంటావా అని ఆమె తిప్పికొట్టింది. అంతటితో ఆగకుండా పనిమనిషి విల్సన్‌ను వెంటబెట్టుకుని, గుర్రబ్బండి కట్టించుకుని, షోర్‌డిచ్‌లోని ఆ దొంగల పేటకు తనే వెళ్లింది. ఆరు గినీలు చెల్లించాక ఫ్లష్ ఇంటికి చేరింది. తమ మధ్య ఎక్కడ పొసగదో ఇంత స్పష్టంగా తెలుసుకుని పెళ్లి పీటలెక్కే జంటలు ఏ కాలంలోనైనా తక్కువే.

రెండో అభ్యంతరం నా వాదానికి మరీ దగ్గరగా తగులుతుంది. ప్రేమ వల్లే కదా ఆమె లేచి నడిచింది, మరి రక్షించింది రాబర్టే కదా అంటారు. వాస్తవాలు చూద్దాం. 1845-46 చలికాలం లండన్‌లో ఎప్పటికన్నా మెత్తగా గడిచింది. జనవరిలో ఆమె మెట్లు దిగి కింది హాల్లోకి నడిచి వస్తే ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయారు. మే నెలలో చెల్లెలు అరాబెల్‌తో బండిలో వెళుతూ రీజెంట్స్ పార్కులో బండి ఆపించింది. దిగి, పచ్చిక మీద పాదాలు మోపి, నాలుగడుగులు వేసి, చెట్టున ఉన్న పసుపుపచ్చని లబర్నం పూలు కోసుకుంది. ఏళ్ల తర్వాత నేల మీద నిలబడటం అది. బతకాలన్న కోరిక ఇందులో పనిచేసింది, ఆ కోరికకు రాబర్ట్ కారణమయ్యాడు, కాదనను. కానీ జబ్బు నయం కాలేదు. నల్లమందు ఔషధం ఎందుకు వాడుతోందో ఆయన మెల్లగా అడిగినప్పుడు, అది లేకపోతే తన ఒళ్లు ఎలా తల్లడిల్లుతుందో దాచకుండా వివరించింది. చివరిదాకా ఆ మందు ఆమెను వదల్లేదు. ఇటలీలో గర్భస్రావాలు జరిగాయి. 1849లో, 43వ ఏట, కొడుకు పుట్టాడు. 1856లో ‘అరోరా లీ’ అనే బృహత్కావ్యం వెలువడింది. 1861 జూన్ 29న, 55వ ఏట, ఫ్లారెన్సులో ఆ ఊపిరితిత్తుల జబ్బుతోనే కన్నుమూసింది. ప్రేమ మందులా పనిచేసిందన్న కథ ఇక్కడ నిలవదు. జబ్బుతోనే ప్రేమించింది, జబ్బుతోనే కాపురం చేసింది, జబ్బుతోనే తన కావ్యాల్లోకెల్లా పెద్దది రాసింది. కోలుకున్నాకే జీవితం మొదలవుతుంది అనే ఆలోచనను ఆమె ఒప్పుకోలేదు. నాకు కనిపించే విజయం అదే.

మూడోది నైతికమైన అభ్యంతరం. తండ్రిని మోసం చేసి జరిగిన పెళ్లి కదా? రహస్యం రాబర్ట్‌కు ఎంతమాత్రం నచ్చలేదు, తండ్రితో నేరుగా మాట్లాడతానన్నాడు. ఆమె వద్దంది, కారణం ఉంది. ఆ తండ్రి తన పిల్లల్లో ఎవరి పెళ్లికీ, కొడుకైనా కూతురైనా, ఒప్పుకునేవాడు కాదు. అల్లుడి గుణగణాల చర్చే అక్కడ లేదు. ఆయన బతికుండగా ముగ్గురు పిల్లలు పెళ్లి చేసుకుంటే ముగ్గురినీ వదిలేశాడు. పీసా విషయంలో ఆమె దాపరికం లేకుండా అడిగి, ప్రాణానికి సంబంధించిన సలహాకు కూడా కాదనిపించుకుంది. 40 ఏళ్ల మనిషికి అంతకుమించి అడగాల్సిన బాధ్యత ఏముంది? 1846 సెప్టెంబరులో ఇల్లు బాగుచేయించడం కోసం అందరినీ ఊరి బయటికి మారుస్తానని తండ్రి అన్నాడు. వెళితే కలవడం, బహుశా రాయడం కూడా ఆగిపోతుంది. 12వ తేదీ ఉదయం విల్సన్‌తో బయల్దేరి, దారిలో కళ్లు తిరిగితే మందులషాపులో ఆగి తేరుకుని, సెయింట్ మేరిల్‌బోన్ చర్చికి చేరుకుంది. రాబర్ట్ కవరు మీద ఆ రోజు సమయం రాసి, పక్కన 91 అని అంకె వేశాడు. అది వాళ్ల 91వ కలయిక. వారం తర్వాత ఇటలీ ప్రయాణం. ఇది ఆమె తేలిగ్గా చేసిన పని కాదు. తండ్రికి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసింది. అవి సీలు కూడా తీయకుండా కట్టగా తిరిగొచ్చాయి. 1857లో పోయేదాకా ఆయన ఆమెను క్షమించలేదు. తనకు సుఖం దొరికిందని ఆ దుఃఖాన్ని చిన్నది చేసి చెప్పుకోలేదామె.

చివరి అభ్యంతరం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది. ఇదంతా కలవారింటి కథ అన్నది. నిజమే. ఆమెకు సొంత ఆదాయం ఉంది, సొంత గది ఉంది, ప్రాణానికి ప్రాణంగా నిలిచిన విల్సన్ ఉంది. ఆ కుటుంబం సంపద జమైకా చెరకు తోటల్లో బానిసల చెమటతో పుట్టింది. ఆ పాపం బరువు తన మీద ఉందని ఆమెకు తెలుసు, బానిసత్వానికి వ్యతిరేకంగా కవిత కూడా రాసింది. అదే లండన్‌లో క్షయతో మంచం పట్టిన కుట్టుపని చేసుకునే ఆడమనిషికి కాగితం, కలం, తీరిక ఎక్కడివి? మన దేశంలో 1854లో దూరంతో పని లేకుండా అర్ధణా ఉత్తరం వచ్చినా, తెలుగు ఇళ్లలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే. ధవళేశ్వరంలో వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టింది 1874లో. తపాలా అందుబాటులోకి వచ్చినంత మాత్రాన రోగికి గొంతు రాదు. అయితే ఈ అభ్యంతరం నా వాదాన్ని పడగొట్టదు, పూర్తి చేస్తుంది. ఎలిజబెత్‌ను నిలబెట్టింది అద్భుతం కాదు కనుకనే ఆ కారణాల్ని లెక్కపెట్టి చెప్పగలుగుతున్నాం. చదువు, చౌకగా అందే తపాలా, తన పేరు మీద నాలుగు డబ్బులు, నమ్మకంగా సాయం చేసే ఒక మనిషి, జవాబు కోసం ఓపికపట్టే ఒక తోడు. వీటిలో ఏదీ దైవదత్తం కాదు. ఏ సమాజమైనా తలుచుకుంటే తన రోగులకు ఇవ్వగలిగినవే.

రాబర్ట్ తన చివరి రోజుల్లో మిగతా ఉత్తరాలు చాలావరకు తగలబెట్టి, వీటిని మాత్రం కొడుకు చేతికిచ్చి నీ ఇష్టం అన్నాడు. 1899లో కొడుకు అచ్చువేయించినప్పుడు ఇంటి గుట్టు రట్టు చేశాడని విమర్శలు వచ్చాయి. అచ్చువేయకపోతే నాటకం చెప్పిన కథే నిజమని మనం నమ్మేవాళ్లం. ఆ ఉత్తరాలు ఉన్నాయి కాబట్టే రోగి తన మాటల్లో మనకు వినిపిస్తోంది. నేటికీ మన ఇళ్లలో నెలల తరబడి మంచానికి అంటిపెట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల మందులు, తిండి, వాళ్ల దగ్గరికి ఎవరు రావాలి అన్నవన్నీ మనమే తేలుస్తాం, ప్రేమతోనే తేలుస్తాం. వాళ్లకు పెళ్లి ఆలోచన, స్నేహం, కొత్త పని మొదలుపెట్టాలన్న ఉత్సాహం వస్తే, ముందు ఒళ్లు బాగుపడనీ అంటాం. ఒళ్లు బాగుపడే రోజు కొందరికి ఎన్నటికీ రాదు. ఆ రోజు వచ్చేదాకా వాళ్ల జీవితాన్ని ఆపి ఉంచే అధికారం మనకు లేదు. వాళ్లకు కాగితమో ఫోనో చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి, వాళ్ల మాట వాళ్లను చెప్పుకోనివ్వడం సేవలో భాగమే. మందు ఇవ్వడం ఎంత అవసరమో అదీ అంతే అవసరం.